రెండో ఎంటర్

దెయ్యాలకి చీకటి కావాలని రాసేవాళ్ళకి దెయ్యాలతో పరిచయం లేదు. నాకు ఎదురైంది పట్టపగలు, మధ్యాహ్నం రెండు దాటాక, పన్నెండు ట్యూబులైట్లు వెలుగుతున్న గదిలో.

ఆ గది ఒక పాత ఆఫీసు కింద, నేలమాళిగలో ఉండేది. కిటికీ లేదు. ఒకప్పుడు అక్కడ ఏదో కంపెనీవాళ్ళ పెద్ద కంప్యూటర్లు ఉండేవట. అవి పోయాక పన్నెండు చిన్నవి పెట్టి కోచింగ్ క్లాసు తెరిచారు. పాతవాటి గుర్తులు మాత్రం పోలేదు. దిట్టమైన ఇనప తలుపు, దానికి కరెంటు తాళం. మూలన మనిషెత్తు ఎర్ర సిలిండర్లు నాలుగు. నిప్పు అంటుకుంటే కంప్యూటర్ల మీద నీళ్ళు కొట్టకూడదు కదా, ఆ సిలిండర్లలోని గ్యాసు గదిలో గాలిని నెట్టేసి మంటకి ఊపిరాడకుండా చేస్తుంది. మంటకి ఆడని ఊపిరి మనిషికీ ఆడదు. ఆ సంగతి గోడ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. చిన్న అక్షరాలు చదివే ఓపిక నాలాంటివాళ్ళకే ఉంటుంది.

నేను పుస్తకాలు బైండు చేసే మనిషిని. చిరిగిన పుస్తకం వస్తే, అట్ట వేసే ముందు లోపలేముందో చూడకుండా ఉండలేను. బడి ఏడో తరగతిలో ఆగిపోయింది. మిగతా చదువంతా జిగురు ఆరేలోపు చదివిందే. అందుకే నాకు చట్టం కొంత తెలుసు, గుండెజబ్బులు కొంత తెలుసు, తేనెటీగల గురించి కాస్త ఎక్కువే తెలుసు. దేని చివరా తెలీదు. చిరిగేవి ఎప్పుడూ చివరి పేజీలే.

ఆ క్లాసుకి నన్ను తెచ్చింది కూడా ఒక చిరిగిన పేజీయే. ప్రోగ్రాములు రాయడం నేర్పే పుస్తకం ఒకటి బైండింగుకి వచ్చింది. కన్సోల్ మీద, అంటే నల్ల తెర మీద, ప్రశ్న అడిగి జవాబు తీసుకోవడం ఎలాగో చెప్పే పాఠం. ఒక పేజీ అడుగున ఇలా ఉంది: "అంకె చదివిన తర్వాత ఎంటర్ లోపలే మిగిలిపోతుంది. అప్పుడు తర్వాతి ప్రశ్న..." అంతే. తర్వాతి పేజీ లేదు.

జిగురు కుంచె చేతిలోనే ఎండిపోయింది. ఎందుకో చెప్తాను.

మూడేళ్ళ కిందట నేనూ మా అక్కా ఆపిల్ పళ్ళు దాచే కోల్డ్ స్టోరేజిలో పనిచేసేవాళ్ళం. అక్కడ ఒక్కో గది ఒక్కో సినిమాహాలంత ఉంటుంది. పళ్ళు నింపి, తలుపు బిగించి, లోపలి గాలిలోంచి ప్రాణవాయువు తీసేస్తారు. దాంతో పళ్ళు నిద్రపోతాయి, నెలల తరబడి. మనిషీ నిద్రపోతాడు, రెండు ఊపిర్లలో. తేడా అల్లా, పళ్ళని మళ్ళీ లేపొచ్చు.

అక్క లోపలికెళ్ళి ఆఖరిసారి పళ్ళు చూసేది. నేను బయట కన్సోల్ ముందు కూర్చునేదాన్ని. అది మూడు ప్రశ్నలు అడిగేది. గది నంబరు ఎంత. లోపల ఎంతమంది. తలుపు బిగించి గాలి తీయాలా. వద్దంటే 'వ' కొట్టాలి, సరేనంటే ఒట్టి ఎంటర్. మనిషి బయటికొచ్చేదాకా మూడో ప్రశ్న మీద చెయ్యి వేయకూడదు. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ వేయలేదు.

ఆ రోజు పొద్దున కొత్త ప్రోగ్రాం పెట్టారు. ప్రశ్నలు పాతవే. నేను గది నంబరు 4 కొట్టాను. లోపల ఎంతమంది అంటే 1 కొట్టి, ఎంటర్ కొట్టాను. గోడకున్న ఇంటర్‌కంలో అక్క గొంతు వినపడింది. "ఒసే మిరపకాయ్, వచ్చేస్తున్నా. నా టీ కూడా నువ్వే తాగేశావంటే చూడు." నేను కప్పు వైపు తిరిగాను. మళ్ళీ తెర వైపు తిరిగేసరికి, మూడో ప్రశ్న కింద, 'మొదలైంది' అని ఉంది.

ఒకసారి మొదలైతే పదకొండు నిమిషాలు తలుపు తెరుచుకోదు. ఇంటర్‌కంలో మొదట దగ్గు. తర్వాత తలుపు మీద చప్పుడు. రెండు కొట్టి ఆగి, ఒకటి. అక్క ఏ తలుపైనా అలాగే కొట్టేది, మా ఇంటి తలుపైనా సరే. టక్ టక్... టక్. అది రెండుసార్లు వినపడింది. మూడోసారి వినపడలేదు.

విచారణ జరిపింది మేనేజరు. "కంప్యూటర్ చిట్టాలో మూడో ప్రశ్నకి ఎంటర్ అని జవాబుంది. ఎంటర్ కొట్టింది నువ్వేనా?" అన్నాడు. "కొట్టాను," అన్నాను. నిజమే కదా, 1 తర్వాత కొట్టాను. ఏ ఎంటర్ అని ఆయన అడగలేదు. అడగాలని నాకూ తెలీదు. కాగితం మీద సంతకం పెట్టాను. నా నోటికి జడిసి ఊరంతా పక్కకి తప్పుకునేది. ఆ ఒక్కరోజు ఆ నోరు పెగల్లేదు.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. గుమ్మంలోనే నిలబెట్టి తలుపేసేశాడు. అక్క కూతురు నన్ను 'పిన్నీ' అనడం మానేసింది. రోడ్డు మీద కనపడితే అటు తిరిగేది. దానికప్పుడు పధ్నాలుగేళ్ళు. తల్లిని నేను లోపల పెట్టి తలుపేశానని నమ్మి పెరుగుతోంది ఆ పిల్ల. నాకు ఇంకేం అక్కర్లేదు. అది నన్ను మళ్ళీ పిన్నీ అనాలి. దానికి ఆ చిరిగిన పేజీ కావాలి.

అందుకే నలభై రెండేళ్ళ వయసులో, ముక్కుపచ్చలారని పిల్లల పక్కన, నేలమాళిగలో కూర్చున్నాను.

మాస్టారు యాభై దాటినాయన. మెత్తటి మాట, నలగని చొక్కా. ఆయనకో అలవాటుంది. ఏం టైపు చేసినా చివర ఎంటర్ రెండుసార్లు కొడతాడు. "రెండోది ఎందుకు సార్?" అని మొదటిరోజే ఒక పిల్ల అడిగింది.

"మొదటిది కంప్యూటర్ కోసం, రెండోది నా మనశ్శాంతి కోసం," అన్నాడు.

అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఆయన రెండెంటర్ల మాస్టారు.

మొదటి వారం తెర మీద మాటలు రాయించడం నేర్పాడు. రెండో వారం అడిగి తీసుకోవడం. 'నీ వయసెంత' అని అడిగి, 'నీ పేరేంటి' అని అడిగి, 'నమస్తే' అని పేరు పెట్టి పిలవాలి. అందరం రాశాం. అందరివీ తప్పాయి. వయసు కొట్టగానే, పేరు చెప్పేలోపు, ప్రోగ్రాం 'నమస్తే' అనేసి ఖాళీగా ఆగిపోయింది. పిల్లలు గొల్లున నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నా తెర మీద 'నమస్తే' పక్కన ఖాళీ లేదు.

'నమస్తే, చలి' అని ఉంది.

నేను కొట్టలేదు. కీబోర్డు మీద చెయ్యే లేదు. ఏసీ గాలిలో, ప్లాస్టిక్ వాసనలో, ఎక్కడో చిన్నగా... ఆపిల్ వాసన. తొక్క కింద మెత్తబడ్డ పండు వాసన. పక్కనున్న పిల్లని అడిగాను, "ఎవరైనా పండు తెచ్చుకున్నారా?" అని. "మీకు ఆకలేస్తోందేమో ఆంటీ," అంది.

"తప్పు మీది కాదు," అంటున్నాడు మాస్టారు. "మీరు కొట్టిందంతా ముందు ఒక తొట్టిలో పడుతుంది అనుకోండి. ప్రోగ్రాం దాంట్లోంచి ముంచుకుంటుంది. అంకె అడిగితే అంకె వరకే ముంచుకుంటుంది. దాని వెనక మీరు కొట్టిన ఎంటర్ తొట్టిలోనే తేలుతూ ఉంటుంది. తర్వాతిదీ అంకె ప్రశ్నే అయితే దాన్ని పక్కకి నెట్టేస్తుంది, మాట అడిగే ప్రశ్నయితే మాత్రం అదే జవాబనుకుని మింగేస్తుంది. మనిషి జవాబు చెప్పేదాకా ఆగదు. కాబట్టి ప్రతి ప్రశ్నకీ ముందు తొట్టి ఖాళీ చేయాలి. ఒక్క లైను. ఈ ఒక్క లైను మర్చిపోతే ఒక్కోసారి..."

చొక్కా చేతి మడత సరిచేసుకున్నాడు.

"ఒక్కోసారి ఏమవుతుంది సార్?" అన్నాను.

"ఏమీ కాదమ్మా. ప్రోగ్రాం తప్పుతుంది, అంతే."

బోర్డు మీద ఆ లైను రాశాడు. అప్పుడు చూశాను. ఆయన రాసిన ప్రతి ప్రశ్న చివరా ప్రశ్నార్థకం ఉండదు. రెండు చుక్కలు పెట్టి, కాస్త చోటు వదుల్తాడు. 'వయసెంత ..' 'పేరేంటి ..' ఆ పొద్దున కోల్డ్ స్టోరేజి తెర మీద పాత ప్రశ్నలే, కానీ చివర్న కొత్తగా రెండు చుక్కలు. 'లోపల ఎంతమంది ..' మూడేళ్ళుగా కళ్ళు మూస్తే కనపడే చుక్కలు అవి. ఎవరి చేతి చుక్కలో ఇప్పుడు తెలిసింది.

ఇంటికి నడిచి వెళ్ళానో, ఎగిరి వెళ్ళానో గుర్తులేదు. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నేను కొట్టలేదు. నేను కొట్టనే లేదు. మూడేళ్ళు మోసిన శవం ఇంకొకడు మోయాల్సింది.

ఆయనకి నా మొహం తెలీదు. కాగితాల మీద నా సంతకం ఒక్కటే చూసి ఉంటాడు. కాబట్టి ఇంకో పదిరోజులు మంచి విద్యార్థిలా కూర్చున్నాను. ఆ పదిరోజులూ 'చలి' వస్తూనే ఉంది. తొట్టి ఖాళీ చేసే లైను రాసినా వచ్చింది. కంప్యూటర్ మార్చినా వచ్చింది. ఒకరోజు 'టీ' అని వచ్చింది. భయం వేయలేదు. అక్కకి నేనెందుకు భయపడతాను? భయపడాల్సినవాడు ముందు బెంచీ దగ్గర నిలబడి పాఠం చెప్తున్నాడు.

ఆ మధ్యాహ్నం వాన ఉతికి ఆరేసింది. క్లాసుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. మాస్టారు ఉన్నాడు. "వెళ్ళిపోదామా ఇవాళ్టికి?" అన్నాడు గొడుగు తీసుకుంటూ.

"సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాను సార్. ఒక్కసారి చూడండి."

వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ప్రోగ్రాం నడిపాను.

గది నంబరు ..

ఆయన మెడ వెనక ఒక నరం కదిలింది.

"ఇది... ఎక్కడ చూశావమ్మా?"

"ఎనిమిదేళ్ళు దాని ముందే కూర్చున్నాను. ఒక పొద్దున మీరు మార్చారు. అప్పుడు మా అక్క లోపలుంది."

పైన ఎక్కడో వాననీళ్ళు గొట్టంలో దిగుతున్న చప్పుడు.

"మర్నాడే సరిచేశాను," అన్నాడు చివరికి, గుసగుసగా. "నిజం. ఒక్క లైను. మర్నాడు పొద్దున్నే."

"మర్నాడు," అన్నాను. "అంటే తెలుసు."

"మేనేజరుకి చెప్పాను. ఎలాగూ ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టింది కదా, మళ్ళీ కెలకొద్దు అన్నాడు. నేను ఉద్యోగం మానేశాను. ఆ బాధ తట్టుకోలేక మానేశాను."

"పాపం. బాధ తట్టుకోలేక వచ్చి అదే పాఠం మూడు బ్యాచ్‌లకి చెప్తున్నారా? జరిగింది జరిగినట్టు టైపు చేయండి. బయట వరండాలో ప్రింటరుంది. ఒక్క కాగితం చాలు. మా బావకి చూపించాలి."

"నాకూ పిల్లలున్నారమ్మా."

"మా అక్కకీ ఉంది."

లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళి పచ్చ బొత్తాం నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. పిడి పట్టుకుని గుంజాడు. నేను కుర్చీ వెనకే ఉన్నాను, కదల్లేదు. తాళం సంగతి నాకేం తెలుసు?

అప్పుడు చలి మొదలైంది. ఏసీ చలి కాదు. నేలలోంచి పైకి, చీలమండల నుంచి మోకాళ్ళకి... తడి గోనెసంచి కప్పినట్టు. దానితో పాటు ఆపిల్ వాసన. ఈసారి చిన్నగా కాదు. గోదాం తలుపు తీస్తే కొట్టే వాసన.

తెర మీద ఏదో కదిలింది.

గది నంబరు .. 4

లోపల ఎంతమంది ..

నా చేతులు కుర్చీ వీపు మీద ఉన్నాయి. ఆయన చేతులు తలుపు పిడి మీద.

లోపల ఎంతమంది .. 3

"ఇద్దరమే కదా," అన్నాడు. "మనం ఇద్దరమే కదా ఉన్నది?"

ఆయన వెనక, ఇనప తలుపు మీద... ఇటువైపు నుంచి...

టక్ టక్... టక్.

పిడి కాలినట్టు వదిలేశాడు. వెనక్కి వెనక్కి నడిచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద నేను రాసిన తర్వాతి ప్రశ్న వెలిగింది. ఏం జరిగింది ..

"రాయండి," అన్నాను.

రాశాడు. పది వేళ్ళతో కొట్టాలని మాకు నేర్పినాయన రెండు వేళ్ళతో కొట్టాడు. తొట్టి ఖాళీ చేసే లైను మర్చిపోయానని, ఆ అమ్మాయి మూడో ప్రశ్నకి జవాబే చెప్పలేదని, 1 వెనక మిగిలిన ఎంటర్‌ని ప్రోగ్రాం మింగిందని, మర్నాడు దొంగతనంగా సరిచేశానని, మేనేజరుకి తెలుసని. పేరు కూడా కొట్టాడు. చివర ఎంటర్ కొట్టాడు.

టక్ టక్.

ప్రోగ్రాం అక్కడ కాస్త ఆగుతుంది. రాసినదంతా ప్రింటరుకి పంపడానికి పది పన్నెండు క్షణాలు పడుతుంది. వరండాలో ప్రింటరు కదలడం వినపడింది. ఆ ఆగిన తెర మీద, నేను రాయని మాట ఒకటి మెల్లగా, అక్షరం తర్వాత అక్షరం...

మిరపకాయ్ బయటికి రా

తలుపు తాళం విడిపోయింది. నేను నడిచి వెళ్ళి తీశాను. తెరుచుకుంది. వరండాలోకి వెళ్ళి, ప్రింటరులోంచి వస్తున్న కాగితం అంచు పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా వెనక ఆయన కుర్చీ జరిగిన చప్పుడు, పరిగెత్తిన అడుగులు. ఆయన తలుపు చేరకముందే అది మూసుకున్న చప్పుడు వచ్చింది.

తలుపుకి చిన్న అద్దం ఉంది. దాంట్లోంచి నా తెర కనపడుతోంది. ఆఖరి ప్రశ్న.

తలుపు బిగించి గాలి తీయాలా ..

ఒట్టి పాఠం అది. ఆ ప్రోగ్రాం ఏ తలుపుకీ, ఏ సిలిండరుకీ తగిలించి లేదు. పైగా నేను వెనక్కొచ్చి 'వ' కొడదామనే అనుకున్నాను. అంకె చదివాక తొట్టి ఖాళీ చేసే లైను జాగ్రత్తగా రాశాను. 'ఏం జరిగింది' తర్వాత రాయలేదు. అక్కడ మనిషి ఒక్కసారే కదా ఎంటర్ కొట్టేది.

ఆయన రెండుసార్లు కొడతాడని నాకు తెలీదా? నెల్లాళ్ళు చూశాను.

మొదలైంది, అంది తెర.

మూలన ఎర్ర సిలిండర్లు బుస్సుమన్నాయి. పామంత బుస కాదు, వంద పాములంత. అద్దం తెల్లగా అయిపోయింది. లోపలి నుంచి తలుపు మీద కొట్టాడు, గబగబా, లెక్కాపత్రం లేకుండా. నేను బయటివైపు బొత్తాం నొక్కాను. అరిచాను. పైకి పరిగెత్తి వాచ్‌మన్‌ని తెచ్చాను. గునపం తెచ్చాం. తాళం దానంతటదే విడిపోయేసరికి వాచ్‌మన్ గడియారం చూసుకున్నాడు. "పదకొండు నిమిషాలు," అన్నాడు.

ఈసారి విచారణకి వచ్చినాయన కుర్రవాడు. పొగ పసిగట్టే పరికరం చెడి సిలిండర్లు విడిపోయాయని తేల్చారు. నన్ను ఒక్కటే ప్రశ్న అడిగాడు. "తెర మీద ఆఖరి ఎంటర్ మీరు కొట్టారా?"

"నేను కొట్టలేదు బాబూ," అన్నాను. "ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో కూడా చెప్పగలను. వింటావా?"

విన్నాడు. తొట్టి గురించి అంతా రాసుకున్నాడు. సంతకం అడిగాడు. చదివి పెట్టాను.

కాగితం బావకి ఇచ్చాను. గుమ్మంలోనే నిలబడి చదివాడు. రెండోసారి చదివాడు. మొదటి వరుసల దగ్గర వేలు పెట్టి, "లోపల ముగ్గురు అని ఉందేంటి?" అన్నాడు.

"నేర్చుకునేవాళ్ళం కదా బావా. ఏదో ఒక అంకె."

పక్కకి జరిగి దారిచ్చాడు. వంటింట్లోంచి అక్క కూతురు వచ్చింది. అక్క పొడుగు వచ్చేసింది. కాగితం తీసుకుంది, చదువుతుంటే పెదాలు కదిలాయి. కాగితం మడిచి, "టీ తాగుతావా పిన్నీ," అంది.

అక్కడితో కథ అయిపోవాలి. నాక్కావాల్సింది నాకొచ్చింది.

కానీ ప్రోగ్రాములు రాయడం నేను మానలేదు. షాపులో పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకున్నాను. జిగురు ఆరేలోపు ఏదో ఒకటి రాస్తాను. మొన్న అదే ప్రోగ్రాం మళ్ళీ రాశాను, తప్పు లేకుండా. ప్రతి ప్రశ్నకీ ముందు తొట్టి ఖాళీ చేశాను. షాపులో నేనొక్కదాన్నే. నడిపాను.

లోపల ఎంతమంది .. 3

కీబోర్డు తీగ పీకేసి మళ్ళీ నడిపాను. 3. అక్క, నేను, ఆయన. సరే, అనుకున్నాను. అలవాటు పడతాను అనుకున్నాను. నిన్నంతా 3.

ఇవాళ పొద్దున షాపు తెరిచేసరికి జిగురు వాసన లేదు. షాపంతా ఆపిల్ వాసన. కంప్యూటర్ నేను వేయకముందే వెలుగుతోంది.

లోపల ఎంతమంది .. 4

మేనేజరు ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఆ పాత సంతకం కాగితం మీదే ఉంది. ఒక్కసారి మోగించి, ఆయన ఎత్తుతాడో లేదో చూస్తే చాలు, నాలుగో మనిషి ఆయనో కాదో తెలిసిపోతుంది.

ఫోన్ తీసి బల్ల మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం అయింది. ఇంకా మోగించలేదు.